పాత ఐ7 తీసుకోవాలా, కొత్త ఐ5 తీసుకోవాలా? బడ్జెట్ 45 వేలు, ఊరు బల్లార్షా

వర్ధా_ఒడ్డు (బల్లార్షా):

అందరికీ నమస్తే. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. బారావీ (పన్నెండో తరగతి) అయిపోయి రాజురాలో బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరాను. బాపు బొగ్గు గనిలో పని చేస్తాడు. దసరా బోనస్‌లోంచి 45 వేలు ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు, కంప్యూటర్ పేరు చెప్పి అయిదేళ్ల దాకా మళ్లీ పైసలు అడగొద్దు. మానిటర్ ఉంది, మంచిర్యాలలో మా బావ ఇచ్చాడు. 22 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్. కీబోర్డు, మౌస్ కూడా ఉన్నాయి. డబ్బా ఒక్కటే కావాలి.

ఆడేవి వాలరెంట్, సీఎస్2, జీటీఏ 5. పెద్ద ఆటలు ఒకటీ అరా నడిస్తే సంతోషం. కాలేజీకి పైథాన్, జావా.

అడిగిన ప్రతివాడూ ఒక్కో మాట చెప్తున్నాడు. చంద్రపూర్‌లో ఒక షాపతను ఏదో ఆఫీసు నుంచి వచ్చిన పాత టవర్ చూపించాడు. ఐ7-4770, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అందులోనే జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు పెట్టి 24 వేలకు ఇస్తాడట. "ఐ7 బేటా, ఇంకేం కావాలి?" అంటాడు. అదే షాపులో కొత్తది కావాలంటే ఐ5-12400ఎఫ్ చెప్పాడు కానీ దానికి మంచి కార్డు పెడితే బడ్జెట్ దాటుతోంది. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండేమో ఏఎం5 (ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే కొత్త రకం సాకెట్) తప్ప ఇంకేదీ ముట్టొద్దు, రైజెన్ 5 7500ఎఫ్ తీసుకో, కార్డు తర్వాత చూసుకో అంటున్నాడు. ఇంకోడు ఆన్‌లైన్‌లో జియాన్ (సర్వర్ల కోసం చేసిన ఇంటెల్ ప్రాసెసర్) కిట్లు ఉన్నాయి, 14 కోర్లు, చవక అంటాడు.

ఇంకో సంగతి. నా గది రేకుల గది. ఏసీ లేదు, కూలర్ ఉంది. మే నెలలో మా దగ్గర ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కొత్త ప్రాసెసర్లు బాగా వేడెక్కుతాయని, పాతవైతే ఎండకు తట్టుకుంటాయని మా పక్కింటాయన అంటున్నాడు. నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది, ఒక్కసారి కొంటే అంతే కదా.


సిరోంచ_పోరడు (సిరోంచ):

భాయ్, జియాన్ అంటే ఎందుకు భయం? నా దగ్గర ఈ5-2680 వీ4 ఉంది, ఎక్స్99 మదర్‌బోర్డు మీద. 14 కోర్లు, 28 థ్రెడ్లు, అంటే ఒకేసారి 28 పనులు చేస్తుంది. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి నువ్వు ఒక్క 12400ఎఫ్‌కు పెట్టేంత కూడా కాలేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, వెన్నలా నడుస్తుంది. జీటీఏ 5 కూడా ఆడతాను. మిగిలిన పైసలన్నీ గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టు.


పాత_సామాన్ (చంద్రపూర్):

తమ్మీ, నేను చంద్రపూర్‌లో కంప్యూటర్లు రిపేర్ చేస్తాను. అమ్మే పని లేదు కాబట్టి ఏది కొన్నా నాకు లాభం లేదు, నష్టమూ లేదు. నీ ప్రశ్నలో పాతదా కొత్తదా అన్నావు. ప్రాసెసర్ పాతదైతే నాకేం భయం లేదు. బోర్డు పాతదైతే భయం. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే షాపుల్లో ఎవరూ చెప్పరు.

ఇన్నేళ్లుగా నా బల్ల మీదకు వచ్చిన డబ్బాల్లో ప్రాసెసర్ దానంతటది చచ్చిపోయింది అన్న కేసు చాలా అరుదు. పిన్నులు వంగినవి, పిడుగు పడ్డప్పుడు పోయినవి చూశాను, అవి వేరే లెక్క. మామూలుగా వాడితే ప్రాసెసర్‌లో అరిగేది ఏమీ లేదు. వేడి హద్దు దాటుతోందంటే తనే వేగం తగ్గించుకుంటుంది, మరీ మీరితే ఆఫ్ అయిపోతుంది. పోయేవి బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (డబ్బాకు కరెంటిచ్చే పెట్టె), ఫ్యాన్లు. బోర్డు మీద, ఎస్‌ఎంపీఎస్ లోపల కెపాసిటర్లు ఉంటాయి చూడు, ఎలక్ట్రోలైటిక్ రకం, వాటికి వేడి పడదు. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగం అవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. బెంగుళూరులో పదేళ్లు ఏసీ ఆఫీసులో నడిచిన బోర్డును తెచ్చి బల్లార్షా రేకుల గదిలో పెడితే ఎట్లుంటదో నువ్వే ఆలోచించు.

ఇప్పుడు ఆ ఐ7-4770 సంగతి. అది 2013 నాటిది. ఆ రోజుల్లో రాజా, కాదనను. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 3.9 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కు కూడా నాలుగు కోర్లే, ఎనిమిది థ్రెడ్లే, 4.3 గిగాహెర్ట్జ్. కాగితం మీద చూస్తే పెద్ద తేడా లేదు. ఆటలో కూర్చుంటే పోలికే లేదు, ఎందుకంటే ఒక్కో గిగాహెర్ట్జ్‌లో చేసే పని మధ్యలో తొమ్మిదేళ్లలో చాలా పెరిగింది. పేరులో ఐ7 అని ఉన్నంత మాత్రాన ఐ3 కంటే గొప్పది కాదు. ఆ అంకె అదే ఏడాది వచ్చిన ప్రాసెసర్ల మధ్యే పనికొస్తుంది.

పైగా విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచి, రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే. 4770 నాలుగో తరం. ఏదో ట్రిక్ చేసి ఎక్కించొచ్చు, నేనే చాలామందికి ఎక్కించాను. కానీ నువ్వు వాలరెంట్ ఆడతానన్నావు. విండోస్ 11 మీద దాని యాంటీ చీట్ (మోసాలు పట్టే ప్రోగ్రాం) టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ అడుగుతుంది. ఆ పాత టవర్‌లో ఆ తలుపు దగ్గరే ఆగిపోతావు.

ఇంకో చిక్కు. పెద్ద కంపెనీల ఆఫీస్ టవర్లలో ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్ మామూలుది ఉండదు, బోర్డు ఆకారం కూడా వాళ్లదే. బోర్డు పోతే అదే మోడల్ బోర్డు వెతుక్కోవాలి. ఎస్‌ఎంపీఎస్ పోయినా అంతే. 1650 ఎందుకు పెట్టాడో తెలుసా? అది 75 వాట్ల కార్డు, చాలా మోడళ్లు స్లాట్ కరెంటుతోనే నడుస్తాయి, వేరే వైరు అక్కర్లేదు. రేపు ఇంకో కార్డు పెట్టాలంటే ఆ డబ్బాలో కుదరదు. డీడీఆర్3 ర్యామ్ తీసి కొత్తదాంట్లో పెట్టుకుందామా అంటే అదీ కుదరదు. అంటే ఆ 24 వేలల్లో ముందుకు పనికొచ్చేది ఎస్‌ఎస్‌డీ, ఆ చిన్న కార్డు. అంతే.

సిరోంచ తమ్ముడూ, నీ జియాన్ నీ పనికి సరైనదే. వీడియో రెండర్ 28 థ్రెడ్లనూ వాడుకుంటుంది. ఆట అట్ల కాదు. ఎక్కువ పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది, అవి ఎంత వేగంగా పరిగెత్తితే అంత. 2680 వీ4 ఎంత గుంజినా 3.3 గిగాహెర్ట్జ్. సీఎస్2లో మిగతా కోర్లన్నీ ఖాళీగా కూర్చుంటాయి. అది 120 వాట్ల ప్రాసెసర్. మీ సిరోంచలో ప్రాణహిత గాలి తగులుతుందేమో కానీ రేకుల గదిలో ఆ వేడి ఎక్కడికి పోవాలి? ఆ ఎక్స్99 బోర్డుకు వారంటీ ఎవరు ఇస్తున్నారు, చెప్పు. అది కూడా పోనీ అనుకుందాం, విండోస్ 11 జాబితాలో అదీ లేదు.

పక్కింటాయన మాట గురించి. పాతవి ఎండకు తట్టుకుంటాయన్నది తప్పు. 4770 ఒక్కటే 84 వాట్లు. 12400కు, రైజెన్ 5600కు రాసిన అంకె 65. ఫుల్ లోడ్‌లో 12400 అయితే 117 దాకా పోవచ్చు, 5600 అయితే 76 దగ్గర ఆగుతుంది, కానీ ఆటల్లో రెండూ అంతకంటే తక్కువే తింటాయి. ప్రాసెసర్ మీద ఉండే కూలర్ చేసే పని ఒక్కటే, దాని వేడిని గది గాలికి అప్పజెప్పడం. గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు 65 దగ్గర నడిచేది, గది 42 అయితే 82 దగ్గర నడుస్తుంది. మధ్యలో ఉన్న 40 తేడా మారదు. 5600 హద్దు 90, 12400 హద్దు 100. కాబట్టి మే నెలలో కూడా నడుస్తాయి, కాకపోతే పెద్దగా జాగా మిగలదు. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) 12400కు పవర్ లిమిట్ 65 వాట్లు పెట్టేయి, ఆటలో తేడా కనిపించదు. ఆటలో ఫ్రేమ్ లిమిట్ 75 పెట్టు, నీ మానిటర్ చూపించేది అంతే కదా. మిగతావి ఉత్తగా వేడి పుట్టించడానికే.

గది కూలర్ ముందు క్యాబినెట్ పెట్టకు. ఇది మన వైపు అందరూ చేసే పని, చల్లగా ఉంటుందని. తడి గాలి, బొగ్గు దుమ్ము కలిసి హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టిగా అట్టకట్టుకుపోతాయి. బ్లోయర్‌తో ఊదినా రాదు. బ్రష్ పెట్టి గీకాల్సి వస్తుంది. ఘుగ్గుస్ నుంచి వచ్చే డబ్బాలు చూడాలి నువ్వు, నలుపు తప్ప ఇంకేం ఉండదు. నేలకు అడుగు ఎత్తున పెట్టు, కూలర్ గాలికి పక్కన.

మరి ఏది కొనాలి అంటే, ప్రాసెసర్ కొన్నేళ్ల నాటిదైనా సరే, సెకండ్ హ్యాండ్ అయినా సరే, కానీ దానికి కొత్త బోర్డు బాక్స్‌తో, బిల్లుతో, మూడేళ్ల వారంటీతో ఈరోజు దొరకాలి. ఈ లెక్కలో మిగిలేవి రెండే. ఏఎం4 సాకెట్ మీద రైజెన్ 5 5600, ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ మీద 12400. రెండూ 2022 నాటివే, రెండూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఆటల్లో ఒకటి ఒక చోట ముందుంటే ఇంకోటి ఇంకో చోట. 75 హెర్ట్జ్ మానిటర్ మీద నువ్వు కనిపెట్టలేవు.

ర్యామ్ కూడా సెకండ్ హ్యాండ్ కొను, అరిగేది కాదు. రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) నడిపితే మంచిదో కాదో తేలిపోతుంది. బోర్డు, ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ మాత్రం కొత్తవే.

నా ఓటు 12400కు, చివర ఎఫ్ లేనిదానికి. ఎఫ్ ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే స్క్రీన్ నల్లగా ఉంటుంది. 5600కు కూడా ఉండదు. నగరంలో ఉన్నవాడికి ఇది లెక్క కాదు. మనకు కార్డు పోతే నాగపూర్‌కో హైదరాబాద్‌కో పంపాలి, తిరిగి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలుసు. అన్ని రోజులు నీ జావా ప్రాక్టికల్స్ ఏం కావాలి? ఎఫ్ లేనిదైతే కార్డు పీకేసి కేబుల్ బోర్డుకు గుచ్చి పని నడిపించుకోవచ్చు. రిపేర్‌కు వచ్చినప్పుడు నాకూ సుఖం, తప్పు కార్డులో ఉందో ఇంకెక్కడ ఉందో అయిదు నిమిషాల్లో తేలుతుంది.


ధర్మాబాద్_వాడు (హైదరాబాద్):

అన్నా, చాలా బాగా చెప్పారు, కానీ ఒక్క విషయంలో ఒప్పుకోలేను. మాది ధర్మాబాద్, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏఎం4 కథ అయిపోయింది. ఎల్‌జీఏ 1700 కూడా 14వ తరంతో అయిపోయింది, ఇంటెల్ 2024 అక్టోబర్‌లోనే కొత్త సాకెట్‌కు మారిపోయింది. ఏఎం5ను 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ చేస్తామని ఏఎండీ చెప్పింది. ఈరోజు 7500ఎఫ్ కొంటే, అది 5600 కంటే ఆటల్లో స్పష్టంగా వేగం. మూడేళ్ల తర్వాత అదే బోర్డులో కొత్త ప్రాసెసర్ గుచ్చుకోవచ్చు. పాత ప్లాట్‌ఫాం మీద పైసలు పెట్టడం ఎందుకు?

తమ్ముడూ, నువ్వొకసారి రైలెక్కి సికింద్రాబాద్ రా, సీటీసీలో, పార్క్‌లేన్‌లో నాలుగు షాపులు తిరుగుదాం. బల్లార్షా నుంచి రైళ్లకు కొదవ లేదు కదా.


పాత_సామాన్:

నువ్వు చెప్పిందంతా నిజమే. 7500ఎఫ్ వేగం ఎక్కువే. లక్ష పెట్టేవాడు అడిగితే నేనూ అదే చెప్తాను.

కానీ వాళ్ల బాపు పెట్టిన షరతు చూడు. అయిదేళ్లు పైసలు అడగొద్దు. మూడేళ్ల తర్వాత కొత్త ప్రాసెసర్ గుచ్చుకోవచ్చు అన్న సౌకర్యానికి ఈరోజే డబ్బు కట్టాలి, మూడేళ్ల తర్వాత మళ్లీ కట్టాలి. ఏఎం5కు డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎట్ల పైకి పోయాయో అందరం చూస్తూనే ఉన్నాం. పాత డీడీఆర్4 అయితే ఎవరి దగ్గరో ఒకరి దగ్గర వాడినది దొరుకుతుంది, డీడీఆర్5 వాడినది మా వైపు ఇంకా చేతులు మారడం లేదు. ఆ ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కొన్నాక కార్డుకు ఏం మిగులుతుంది? కార్డు తర్వాత చూసుకో అంటే, 7500ఎఫ్‌కు కూడా లోపల గ్రాఫిక్స్ లేదు. కార్డు వచ్చేదాకా స్క్రీన్ ముందు అగరుబత్తి వెలిగించి కూర్చోవాలి.

ఇంకో మాట. నేను చూసిన బడ్జెట్ వాళ్లలో అదే బోర్డు మీద ప్రాసెసర్ మార్చినవాళ్లు చాలా తక్కువ. మార్చేది కార్డు. అయిదారేళ్లకు డబ్బా మొత్తం మారుస్తారు.

సెకండ్ హ్యాండ్ ఇంటెల్ గురించి ఒక జాగ్రత్త చెప్పడం మర్చిపోతానేమో, ఇక్కడే రాస్తాను. ప్రాసెసర్ అరగదు అన్నాను కదా, దానికి ఒక మినహాయింపు ఉంది. 13, 14 తరాల్లో 13600కే లాంటి పెద్ద మోడళ్లకు లోపల వోల్టేజ్ ఎక్కువ వెళ్లి నిజంగానే దెబ్బతినే సమస్య వచ్చింది. 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్నది అప్‌డేట్‌తో బాగుపడదు. ఆ రకం సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపిస్తే ఆశపడొద్దు. 12వ తరానికి ఈ గొడవ లేదు.


దెగ్లూర్_అక్క (దెగ్లూర్, నాందేడ్ జిల్లా):

బిడ్డా, నేను ఆటలాడేదాన్ని కాదు, సేతు కేంద్రం (సర్కారు కాగితాలు ఇప్పించే సెంటర్) నడుపుతాను. పగలు కంప్యూటర్ మీద సాత్‌బారా (భూమి పత్రాలు), దాఖలాలు (సర్టిఫికెట్లు). సాయంత్రం షట్టర్ దించాక మా పిల్లాడు ఆడతాడు. మేం రైజెన్ 5 5600జీ తీసుకున్నాం, కార్డు లేకుండా. అందులోనే గ్రాఫిక్స్ ఉంటుంది. వాలరెంట్ బాగానే నడుస్తుందంటాడు, జీటీఏ సెట్టింగులు తగ్గించి ఆడతాడు. మొదట నత్తనడకలా ఉండేది. ర్యామ్ ఒకటే 16 జీబీ ముక్క పెట్టారు షాపులో. దాని బదులు 8 జీబీవి రెండు పెట్టించాక మారిపోయింది. ఎందుకో నాకు తెలియదు, పిల్లాడు చెప్పాడు. కరెంటు బిల్లు కూడా పెద్దగా రాదు. నీ డబ్బులో సగంలోనే అయిపోతుంది, మిగతాది బాపుకు వాపస్ ఇవ్వొచ్చు కదా.


పాత_సామాన్:

అక్కా, మీ పిల్లాడు చెప్పింది కరెక్టే. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు ముక్కలుంటే రెండు దారుల్లో డేటా వస్తుంది, ఒకటే ఉంటే ఒకటే దారి. కార్డు పెట్టేవాళ్లు కూడా రెండు ముక్కలే తీసుకోవాలి, ప్రాసెసర్‌కూ తేడా పడుతుంది.

5600జీ మంచి దారే, అసలు కార్డే వద్దనుకునేవాళ్లకు. ఈ అబ్బాయి మాత్రం పెద్ద ఆటలు కూడా అంటున్నాడు. రేపు దానికి కార్డు పెడితే 5600 కంటే వెనకబడుతుంది, పేరు దాదాపు ఒకటే అయినా. దాని క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) 16 ఎంబీ, 5600ది 32. కార్డు గుచ్చే స్లాట్ కూడా పాత పీసీఐఈ 3.0 వేగమే. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డు, నాలుగు లేన్లే (డేటా దారులే) వాడుకునేది, అలాంటి స్లాట్‌లో పెడితే బాగా దెబ్బ తింటుంది. షాపులో ఆ రెండూ కలిపి "గేమింగ్ కాంబో" అని అంటగట్టడం చూశాను.


వర్ధా_ఒడ్డు:

అందరికీ థాంక్స్. అక్కా, మీ మాట బాపుకు వినిపించలేదు, వింటే పని అయిపోయేది :)

నిన్న మళ్లీ తిరిగాను. వరోరాలో ఒకతను పెద్దది కొన్నానని తన 12400 అమ్ముతున్నాడు, ఎఫ్ లేనిదే. బిల్లు ఉంది, బాక్స్ కూలర్ ఉంది, వారంటీలో ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి. తొమ్మిదిన్నర వేలు అంటున్నాడు. అతని దగ్గరే 8 జీబీ డీడీఆర్4 ముక్కలు రెండు ఉన్నాయి. హెచ్610 బోర్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్ షాపులో కొత్తవి. ఇవన్నీ పోగా కార్డుకు 16 వేలు మిగులుతున్నాయి. కొత్త ఆర్‌ఎక్స్ 6600 రాదు. వాడిన 6600 ఒకటి, ఆర్‌ఎక్స్ 580 8 జీబీ ఒకటి చూశాను. 580 సగం ధరే. ఏది? మా ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంది, సరిపోతుందా?


పాత_సామాన్:

12400 ధర బాగానే ఉంది, తీసుకో. బిల్లు ఫొటో కాదు, అసలు బిల్లు తీసుకో. ప్రాసెసర్ అక్కడే వాళ్ల బోర్డులో ఉండగానే ఆన్ చేయించి సీపీయూ-జడ్‌లో పేరు చూసుకో, అరగంట లోడ్ పెట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి చూడు. ఇంటెల్‌కు పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. కాబట్టి కొత్త బోర్డు కొనేటప్పుడు ప్లాస్టిక్ మూత తీయించి, మొబైల్ టార్చ్ వేసి సాకెట్ చూడు. ఒక్క పిన్ను వంగి ఉన్నా వద్దను. ఇంటికొచ్చాక చూపిస్తే నువ్వే వంచావంటారు.

హెచ్610 బోర్డులు డీడీఆర్4వి ఉన్నాయి, డీడీఆర్5వి ఉన్నాయి, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. బాక్స్ మీద డీడీఆర్4 అని చదివి మరీ తీసుకో. తప్పుది తెస్తే నీ ర్యామ్ గాడిలో కూర్చోదు.

కార్డు 6600 తీసుకో. 580 అయితే 2017 నాటిది, 185 వాట్లు. 6600 అయితే 132 వాట్లు, వేగం ఎక్కువ. రేకుల గదిలో ఆ 50 వాట్ల తేడా నీకే తెలుస్తుంది. పైగా 580లు చాలావరకు క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నడిచినవి, ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు అరిగిపోయి ఉంటాయి. కార్డు మాత్రం వాడినది కొనడంలో కొంత జూదం ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. ఒక గంట ఏదైనా బరువైన ఆట నడిపించి చూడు, స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వస్తే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయి. ఫ్యాన్ తిరిగేటప్పుడు గరగర శబ్దం వస్తుందేమో చెవి పెట్టి విను.

600 వీఏ అంటే 600 వాట్లు కాదు. ఇళ్లలో వాడే అలాంటి యూపీఎస్‌లు మామూలుగా 360 వాట్ల దాకా ఇస్తాయి. ఆట ఆడేటప్పుడు నీ డబ్బా, మానిటర్ కలిపి 250, 280 మధ్య తింటాయి. ఆట సేవ్ చేసి ఆఫ్ చేసేంత టైం ఉంటుంది. బ్యాటరీ ఎప్పటిది? మూడేళ్లు దాటితే మార్పించు, లేకపోతే కరెంటు పోయిన క్షణమే డబ్బా కూడా పోతుంది.


సిరోంచ_పోరడు:

అన్నా, మీరు చెప్పాక నిన్న సీఎస్2లో ఫ్రేమ్స్ చూశాను. సగటు బాగానే ఉంది, కానీ పొగ గ్రెనేడ్లు పడినప్పుడు ఒక్కసారిగా పడిపోతోంది. 28 థ్రెడ్లలో ఒకటే నిండుగా కనిపిస్తోంది, మిగతావి ఖాళీ. అయినా నేను అమ్మను. పెళ్లిళ్ల సీజన్ మొదలైంది, నా అన్నం అదే.


పాత_సామాన్:

అమ్మకు. నీకు సరైన మిషన్ అదే. సగటు కాదు, ఆ పడిపోయిన చోటే చూడాలి. కోర్లు నాలుగు, థ్రెడ్లు కూడా నాలుగే ఉన్న ఐ5-6500 లాంటి పాతవాటికీ ఇదే జబ్బు, నీదానికి వేరే కారణంతో వచ్చింది. బోర్డు హీట్‌సింక్ దగ్గర ఒక చిన్న ఫ్యాన్ మాత్రం పెట్టు, వేసవిలోపు.


వర్ధా_ఒడ్డు:

అన్నా, మొత్తం తెచ్చేశాను. 12400, హెచ్610 డీడీఆర్4, 16 జీబీ, వాడిన 6600. బాపు ఇచ్చిన దాంట్లో కొంచెం మిగిలింది, దాంతో యూపీఎస్ బ్యాటరీ మార్పించాను. ఆ పాత ఐ7 షాపతను ఇప్పుడు నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నాడు. విండోస్ 11 ఎక్కింది, వాలరెంట్ తెరుచుకుంది. పవర్ లిమిట్ 65 పెట్టాను. ఒక్క డౌట్. ర్యామ్ ముక్క మీద 3200 అని రాసుంది, కానీ టాస్క్ మేనేజర్‌లో 2133 చూపిస్తోంది. మోసపోయానా?


పాత_సామాన్:

లేదు. డీడీఆర్4 మామూలుగా తక్కువ వేగంతోనే మొదలవుతుంది, రాసిన వేగం కావాలంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అన్నది ఆన్ చేయాలి. చాలామంది ఏళ్ల తరబడి ఆన్ చేయకుండానే ఆడుతుంటారు. ఆన్ చేసి సేవ్ చేయి, మళ్లీ టాస్క్ మేనేజర్ చూడు. 3200 రాకపోతే రెండు ముక్కలూ ఒకే మోడలా కాదా చూసి, ఇక్కడ ఫొటో పెట్టు.